చేతులూ కాళ్ళూ పాడే పాటలు

పరీక్షలు అయిపోయి బడికి తాళం పడిందంటే మన పల్లెల్లో పిల్లల రోజు రెండు ముక్కలయ్యేది. ఎండ నిప్పులు చెరిగే మధ్యాహ్నం వసారాలో కూర్చుని ఆడే ఆటలు, పొద్దు వాలి వాకిట్లో నీళ్ళు చల్లాక లేచి ఆడే ఆటలు. దేని పాటలు దానివే. పిల్లల్ని నీడపట్టున కూర్చోబెట్టడం పెద్దల కేకల వల్ల ఏనాడూ కాలేదు, ఆ కూర్చుని పాడే పాటల వల్ల అయింది. అవి ఎప్పుడు పుట్టాయో, ఎవరు కట్టారో అడిగితే మా ఊళ్ళో అందరిదీ ఒకటే జవాబు: తాతమ్మల నాటివని. నాకు అది చాలు.

కాళ్ళగజ్జ ఆటనే తీసుకోండి. పిల్లలు వరసగా కూర్చుని కాళ్ళు బారజాపుతారు. ఆడించే మనిషి ఒక్కో దెబ్బకు ఒక్కో కాలు తాకుతూ పాడుతుంది. ఆఖరి దెబ్బ ఏ కాలి మీద పడితే ఆ కాలు ముడవాలి. ఇక పాట అల్లిక చూడండి. ఒక వస్తువు పేరు చెప్పి, వెంటనే అది కాదంటూ, అదే అక్షరంతో మొదలయ్యే ఇంకో మాటను అందుకుంటుంది. విడిచిన మాటనే మళ్ళీ పట్టుకోవడాన్ని మన అలంకారికులు ముక్తపదగ్రస్తమన్నారు, కావ్యాల్లో కనబడితే మెచ్చుకున్నారు. మన పిల్లలు నాలుగేళ్ళ వయసులో దాన్ని ఉఫ్‌మని ఊదేశారు! ఒక మాట మరిచిపోయినా ముందు మాటలోని అక్షరమే దాన్ని గుర్తుచేస్తుంది. ఆ పాటలో గజ్జికి మందు చెప్పారని కొందరంటారు. ఉంటే ఉండనివ్వండి, ఆ అల్లిక ముందు మందు ఏపాటిది?

ఈ ఆట మా పెద్దమ్మ ఆడిస్తే చూడాలి. పాటలో దెబ్బలెన్నో ఆమెకు కంఠతా వచ్చు. వరసలో కాళ్ళెన్నో ఒక్క చూపుతో లెక్కించేది. ఎక్కడ మొదలుపెడితే ఎక్కడ ఆగుతుందో ముందే కట్టేసుకుని, అలిగి కూర్చున్న చంటివాడి కాలే మొదట ముడిపించేది. పదిమంది కూర్చుంటే 20 కాళ్ళు, ఒకటి ముడవగానే 19. లెక్క ప్రతిసారీ మారుతుంది. తాళం చెదరకుండా, మొహంలో ఏమీ కనబడనివ్వకుండా చేసేదది. కచేరీల్లో తనియావర్తనాలు చాలా విన్నాను. లెక్కలో ఆమె ఎవరికీ తీసిపోదని ఒట్టేసి చెబుతాను.

సాయంత్రానిది ఒప్పులకుప్ప. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, చేతులు అడ్డంగా మార్చి పట్టుకోవాలి, కుడిచేతికి కుడి, ఎడమచేతికి ఎడమ. పాదాలు దగ్గరగా ఉంచి, మోచేతులు వంచకుండా వెనక్కి వాలాలి. ఒకరి బరువును ఇంకొకరు మోస్తారు. బొద్దుగా ఉన్న పిల్ల కాస్త తక్కువ వాలాలి, బక్కపిల్ల ఎక్కువ వాలాలి. కళ్ళు తిరగకుండా ఎదుటి మొహాన్నే చూడాలి. పాట నెమ్మదిగా ఎత్తుకుని, తిరుగుడు పెరిగిన కొద్దీ పెంచుకుంటూ పోతారు. పాట కాళ్ళను తరుముతుంది, కాళ్ళు పాటను తరుముతాయి. ఇందులో నేర్చుకోవలసిందంతా ఆ పట్టులో ఉంది. వదిలితే ఇద్దరూ పడతారు.

ఎండలు ముదిరి వాన జాడ లేకపోతే కప్పతల్లి ఆట వచ్చేది. రోకలికి కప్పను కట్టి, వేపరెమ్మలు చుట్టి, పిల్లలు ఇల్లిల్లూ తిరిగి పాడుతుంటే ఇల్లాళ్ళు బిందెలతో నీళ్ళు పోసేవారు. ఊరంతా వానను అడగాల్సిన పని పిల్లల నోటికి అప్పగించారంటే ఆ నోటి మీద ఎంత నమ్మకమో!

ఈ సంపదను కాపాడిన మహానుభావులకు మనం ఎంత మొక్కినా తక్కువే. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి మద్రాసు రేడియోలో పిల్లల చేతనే పాడించారు, 1945లో ‘బాల’ పత్రిక పెట్టారు. చింతా దీక్షితులు ‘లక్కపిడతలు’ పుస్తకం ఇచ్చారు. నేదునూరి గంగాధరం ఊరూరా తిరిగి జానపదుల పాటలు పోగుచేశారు. వీళ్ళు లేకపోతే ఇవాళ వాదించడానికి మన దగ్గర కాగితమైనా ఉండేది కాదు.

ఇప్పుడు జరుగుతున్నది చూస్తే కడుపు మండుతుంది. ఫోన్‌లో రంగురంగుల బొమ్మలు ఎగురుతుంటాయి, యంత్రం మొదటి నుంచి చివరిదాకా ఒకే వేగంతో తాళం కొడుతుంటుంది, పిల్లాడు నోరు తెరుచుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తుంటాడు. మావాడికి తెలుగు పాటలొచ్చని తల్లిదండ్రులు మురిసిపోతారు. ఏం వచ్చిందండీ? కాలు ముడిచాడా? ఇంకొక పిల్ల చేయి పట్టుకున్నాడా? ఒక బడి వార్షికోత్సవంలో ఒప్పులకుప్ప అని ప్రకటించి, పట్టులంగాలు కట్టిన ఎనిమిదిమంది పిల్లల్ని రికార్డు పాటకు ఎవరికి వారే గుండ్రంగా తిరగమన్నారు. హాలంతా చప్పట్లు! చేతులు కలపకుండా ఒప్పులకుప్పేమిటి? పాత పాటల్ని అనుకరించే ఈ చవక సరుకు కన్నా ఆ పాటల్ని మరిచిపోవడమే నయమనిపించింది. మరిచిన పాటను ఏ ముసలమ్మనో అడిగి మళ్ళీ నేర్చుకోవచ్చు. తప్పుగా నేర్చుకున్నవాళ్ళు అడగనే అడగరు.

బడులు మళ్ళీ తెరిచేది జూన్‌లో. ఈలోగా ఒక్క మధ్యాహ్నం టీవీ కట్టేసి నేల మీద కూర్చోండి. ఇంట్లో అమ్మమ్మ ఉంటే ఆమెను ముందు కూర్చోబెట్టి, మీరూ పిల్లల వరసలో కాళ్ళు చాపండి. అమ్మమ్మ లేకపోతే పక్కింటి మామ్మగారిని పిలవండి, కాదనరు. ఆమె పాడే వరస మీకు తెలిసినదానికి వేరుగా ఉంటే దిద్దకండి, ఆమెదే నేర్చుకోండి.