మొదటి ఫిలింలోనే

"జడ పైకి ముడేసుకోండి మామ్మగారూ" అంది ఎక్స్-రే గదిలోని అమ్మాయి. దగ్గు ఛాతీలో ఉంటే జడతో పనేమిటో మా అమ్మకు అర్థం కాలేదు. నాకూ తెలియదు. అడిగితే చెప్పింది. జడ ముందుకు పడి ఉంటే ఊపిరితిత్తి పైకొసన నీడలా కనిపిస్తుంది. చూసే డాక్టరుకు అక్కడ మచ్చేదో ఉందన్న అనుమానం వస్తుంది. మళ్లీ తీయమంటారు. "ఆ మళ్లీ అనేదే ఉండకూడదండీ" అంది.

రేడియేషన్ భద్రత అంటే సీసం కోటు, గోడ మీద హెచ్చరిక బొమ్మ అనే అనుకునేవాణ్ని. మొదటి ఫిలింలోనే పని అయిపోయేట్టు చూసుకునే పనితనంలోనే అది మొదలవుతుందని ఆ గదిలో నిలబడ్డ మూడు నిమిషాల్లో తెలిసింది.

కూచిపూడికి దగ్గరలోని ఒక ఆసుపత్రి అది. ఈ చుట్టుపక్కల వాళ్లకు పెద్ద జబ్బు వచ్చిందంటే బెజవాడ బస్సో బందరు బస్సో ఎక్కడమే అలవాటు. సిలికానాంధ్ర సంస్థ వాళ్లు ప్రవాసుల చందాలతో కూచిపూడిలోనే సంజీవని ఆసుపత్రి కట్టాక ఆ ప్రయాణాలు కొంత తగ్గాయి. పెద్ద భవనం కట్టినవాళ్లను అందరం మెచ్చుకుంటాం. లోపల ఎక్స్-రే గదుల్లో పనిచేసేవాళ్ల చేతుల్ని మాత్రం ఎవరూ పరీక్షగా చూడరు. అందుకే చూసినంత మేరకు రాస్తున్నాను.

తాళి తీయనంది అమ్మ. ఆ అమ్మాయి వాదనకు దిగలేదు. గొలుసు పైకి లాగి, గడ్డం దాటించి, పెదాల మధ్య పట్టుకోమంది. తర్వాత స్టాండుకు ఎదురుగా ఛాతీ ఆనించి నిలబెట్టింది. గడ్డం పైకెత్తించి, చేతులు నడుము మీద పెట్టించి, మోచేతులు రెండూ మెల్లగా ముందుకు నెట్టింది. అలా నెడితే భుజాల వెనకున్న రెక్క ఎముకలు పక్కకు జరిగి ఊపిరితిత్తులకు అడ్డం తప్పుకుంటాయి. వీపు వైపు నుంచి తీస్తే గుండె ఎక్స్-రే ఫలకానికి దగ్గరగా ఉంటుంది, ఉన్నదానికంటే పెద్దదిగా కనిపించదు. రొమ్ముకు తగిలే కిరణాలూ తగ్గుతాయి. ట్యూబును 180 సెంటీమీటర్ల దూరానికి జరిపింది.

ఆ తర్వాత చేసిన పని నేను ఎప్పటికీ మరచిపోలేను. ట్యూబు కింద బల్బు వెలిగించగానే అమ్మ వీపు మీద వెలుతురు గడి ఒకటి పడింది. అది భుజాలు దాటి స్టాండు మీదికీ పరుచుకుని ఉంది. ఆ అమ్మాయి రెండు మరలు తిప్పుతుంటే గడి నాలుగు వైపులా ముడుచుకుంటూ వచ్చి ఊపిరితిత్తుల మేరకు ఆగింది. వెలుతురు పడ్డంత మేరే కిరణాలూ పడతాయి. గడి చిన్నదైన కొద్దీ అమ్మ ఒంట్లోకి వెళ్లేవీ, ఒంటికి తగిలి చెదిరి గదిలోకి వచ్చేవీ రెండూ తగ్గుతాయి. చెదిరినవి తగ్గితే బొమ్మ కూడా తేటపడుతుంది. ఒక్క మర తిప్పితే రోగికీ, పనివాళ్లకూ, బొమ్మకూ ముగ్గురికీ మేలే. తిప్పకపోయినా ఎక్స్-రే వస్తుంది, ఎవరూ అడగరు. ఆమె తిప్పింది.

ఊపిరి బిగపట్టడం కూడా ఒకసారి ఉత్తుత్తిగా చేయించింది. "గట్టిగా పీల్చండి, ఆపండి, ఇంక వదలండి." రెండోసారికి అమ్మకు కుదిరింది. అప్పుడు నన్ను బయటికి పంపి తలుపు లాగింది. మన అణుశక్తి నియంత్రణ మండలి లెక్కలో ఆ తలుపుకు 1.7 మిల్లీమీటర్ల సీసమో, దానికి సరిసాటి 23 సెంటీమీటర్ల ఇటుక గోడో అడ్డం ఉండాలి. కిరణాలు సూటిగా పడే గోడ 35 సెంటీమీటర్లు ఉండాలి. ఆ లెక్కలన్నీ తలుపు మూసినప్పుడే పనికొస్తాయి. కొన్నేళ్ల కిందట వేరే ఊళ్లో మా పిల్లవాడికి చెయ్యి విరిగితే, వాణ్ని పట్టుకోమని నన్నే గదిలో నిలబెట్టారు. ఒంటి మీద సీసం కోటు లేదు, తలుపు ఓరగా తీసే ఉంది, బయట బెంచీ మీద గర్భిణి ఒకామె కూర్చుని ఉంది. అప్పుడు నాకు ఏమీ తెలియదు, అడగలేదు. ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఒక ఛాతీ ఎక్స్-రేతో రోగికి తగిలేది మిల్లీసీవర్ట్‌లో పదో వంతు కూడా దాటదు. ప్రకృతి నుంచి ఏడాదికి మనిషికి సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు తగులుతూనే ఉంటాయి. కాబట్టి రోగి భయపడనక్కర్లేదు. రోజంతా అదే గదిలో ఉండేవాళ్ల సంగతి వేరు. వాళ్లకు అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకుండా హద్దు పెట్టారు. ఈ హద్దుల వెనక ప్రాణాలున్నాయి. రాంట్‌జెన్ 1895 నవంబరులో ఈ కిరణాల్ని కనిపెట్టాక, ఎడిసన్ దగ్గర పనిచేసిన క్లారెన్స్ డాలీ ట్యూబుల్ని తన చేతుల మీదే పరీక్షించుకునేవాడు. చేతులు పోయాయి, 1904లో మనిషీ పోయాడు. ఎడిసన్ ఎక్స్-రేల పనే మానేశాడు.

అమ్మాయి గుండె దగ్గర అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్ద బిళ్ల ఒకటి ఉంది. టీఎల్‌డీ బ్యాడ్జి. అందులో మూడు టెఫ్లాన్ చుక్కలుంటాయి. కాల్షియం సల్ఫేటులో చిటికెడు డిస్ప్రోసియం కలిపి చేసినవి. తగిలిన కిరణాల్ని అవి లోపల దాచుకుంటాయి. మూడు నెలలకోసారి ప్రయోగశాలలో వేడి చేస్తే దాచుకున్నంత మేర వెలుగుతాయి, ఆ వెలుగును కొలిచి డోసు లెక్క కడతారు. కోటు వేసుకుంటే బ్యాడ్జి కోటు లోపల ఉండాలి, ఒంటికి తగిలినదే దానికీ తగలాలి. బ్యాడ్జిని కోటుకే వదిలేసి ఇంటికెళితే మనిషి తినని కిరణాలు కూడా ఆమె ఖాతాలో పడతాయి. ఈమె డ్యూటీ దిగేటప్పుడు బ్యాడ్జి తీసి కిరణాలు సోకని చోట పెడుతుందట. కోటు మడత పెట్టదు, కడ్డీకి వేలాడదీస్తుంది. మడిస్తే లోపలి సీసం పొర పగుళ్లిస్తుంది, ఆ పగుళ్లు పైకి కనిపించవు.

వార్డులో మంచం దగ్గరికే మిషను తోసుకెళ్లాల్సి వచ్చినప్పుడు గోడలుండవు, తలుపుండదు. దూరమే కాపాడాలి. రెండింతలు దూరం జరిగితే తగిలేది నాలుగో వంతే. "అందుకే వైరు సాగినంత దూరం వెనక్కి వెళ్లి 'ఎక్స్-రే!' అని గట్టిగా అరుస్తానండీ. నర్సమ్మలకు అలవాటైపోయింది" అంది.

అమ్మ ఎక్స్-రే తెర మీదికి వచ్చింది. ఊపిరితిత్తుల పైకొసలు రెండూ తేటగా ఉన్నాయి. జడ నీడ లేదు, గొలుసు లేదు, కదిలిన మసక లేదు. ఒక్కసారే తీసింది. అమ్మ పైట సర్దుకుని బయటికి వస్తుంటే, నాట్యం నేర్చుకునే పిల్లవాడు ఒకడు మడమ నొప్పితో కుంటుతూ లోపలికి వెళ్లాడు. ఆ అమ్మాయి వాణ్ని బల్ల మీద కూర్చోబెట్టి, కాలు సర్ది, మరలు తిప్పడం మొదలుపెట్టింది. వెలుతురు గడి వాడి మడమ చుట్టూ తమలపాకంత అయ్యేదాకా తిప్పుతూనే ఉంది. తర్వాత వాళ్ల నాన్నను బయటికి పంపి తలుపు వేసింది. పైన ఎర్రబల్బు వెలిగింది.