మెడలో ట్యాగు

జూన్‌లో బడులు తెరిచే వేళకి ఐడీ కార్డుల షాపువాళ్లకి ఊపిరి సలపదు. కార్డు మీద ఫొటో బాగా పడిందా అని అందరూ చూస్తారు. దాన్ని మెడలో వేలాడదీసే ట్యాగు సంగతి ఎవరికీ పట్టదు. పనితనం తెలిసేది మాత్రం అక్కడే.

ట్యాగు పట్టీ మీద బడి పేరు స్క్రీన్ ప్రింటింగులో వేస్తే రంగు గుడ్డ పైనే కూర్చుంటుంది. వేలితో తడిమితే తెలుస్తుంది. నాసిరకమైతే గోటికే పెచ్చులూడుతుంది. షాపుల్లో మల్టీకలర్ అనే సబ్లిమేషన్ దారి వేరు. కాగితం మీద అచ్చేసిన బొమ్మను దాదాపు 200 డిగ్రీల వేడిలో పాలిస్టర్ పట్టీ మీద అదుముతారు. రంగు ఆవిరై పోగులోకే దిగిపోతుంది. కళ్లు మూసుకుని తడిమితే అక్షరమేదో, ఖాళీ ఏదో చెప్పలేం. ఆ నునుపంటే నాకు ముచ్చట. నూలు పట్టీ మీద ఈ విద్య పారదు.

పట్టీ రెండు వైపులా తిప్పి చూడండి. పేరు మధ్యలోంచి అంచుకి జారిందంటే అచ్చేసిన కుర్రాడు తొందరపడ్డాడన్నమాట. కోసిన కొసను వేడితో అతికించకపోతే నెల తిరిగేసరికి పోగులు లేస్తాయి. హుక్కును పదిసార్లు నొక్కండి, షాపతను విసుక్కున్నా సరే. స్ప్రింగు ప్రతిసారీ టక్కున మూసుకోవాలి.

పిల్లలకైతే మెడ వెనక బకిల్ ఉన్నదే అడగండి. ఏ బస్సు తలుపులోనో చిక్కుకుంటే, లాగగానే ఊడొచ్చే రకం. దానికి రెండు రూపాయలు ఎక్కువడిగితే నేనైతే బేరమాడను.