పసులు లేని కాపరులు

ఆటను ఆటగానే చూడమంటారు. సరే, ఆటగానే చూశాం. డబ్బులు కట్టి, ముఖానికి మాస్కు తగిలించుకుని, టెక్సాస్ ఎండలో రెండు రోజులు పొర్లి, ఒంటి నిండా నీలం మచ్చలతో తిరిగొచ్చాం. కనక మాట్లాడే హక్కు మాకుందనే అనుకుంటున్నాం.

మేమంటే నలుగురం. ముగ్గురిది తెలంగాణ, ఒకరిది గుంటూరు జిల్లా. చదువుకోను పోయినవాళ్లం. తోటి విద్యార్థులు పిలిస్తే పోయాం. పెయింట్‌బాల్ ఎరగని పాఠకుల కోసం ఒక ముక్క: గ్యాస్‌తో పేలే తుపాకీలోంచి గోలీ అంత జిలాటిన్ ఉండ వస్తుంది. లోపల రంగు. తగిలి పగిలితే నువ్వు చచ్చినట్టు. మామూలు ఆట పది నిమిషాల్లో తేలిపోతుంది. 'సినారియో' ఆటకు మాత్రం ఒక కథ ఉంటుంది, వేషాలుంటాయి, రెండు రోజులు నడుస్తుంది. మేం పోయిన కథ 'వెస్టర్న్'. ప్లైవుడ్‌తో కట్టిన ఊళ్లో ఒక సారా కొట్టు, ఒక బ్యాంకు, ఒక జైలు, ఒక బంగారు గని. ఒక పక్క షెరీఫ్ మనుషులు, ఇంకో పక్క బందిపోట్లు. పసుపు రంగేసిన రాళ్లు బంగారం. ఎవరు ఎక్కువ రాళ్లు మోస్తే వాళ్లకన్ని పాయింట్లు.

నచ్చింది ముందు చెప్పాలి, లేకుంటే అన్యాయం. గేటు దగ్గర ఒక్కొక్కరి చేతిలో ఒక అట్టముక్క పెట్టారు. దాని మీద పేరు, వేషం. మాలో ఒకరు డాక్టరు, ఒకరు బ్యాంకు గుమాస్తా. పుట్టుకతోనే పేరు అంటించుకుని వచ్చిన మనిషికి, రెండు రోజులు నీ పేరు ఇది, ఎవడూ ఇంకోటి అడగడు అంటే ఎట్లుంటదో తెలంగాణ వాడల్లో పుట్టినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. రెండోది, చచ్చినవాళ్ల బెంచీ. రంగు తగిలినవాళ్లు చెయ్యెత్తి బయటికొచ్చి చెట్టు కింద కూర్చోవాలి. పావుగంటకోసారి గంట కొడితే మళ్లీ లేచి పోవచ్చు. ఆ బెంచీ మీద షెరీఫ్ మనుషులూ బందిపోట్లూ ఒకే క్యాన్‌లో నీళ్లు తాగారు. మాకు సమానత్వం కనబడింది ఆ శవాల దగ్గరే.

రెండో రోజు మధ్యాహ్నం మాలో ఒకరికి తట్టింది: ఈ ఊళ్లో ఆవేది? గుర్రం లేదంటే అర్థం చేసుకోవచ్చు, ఖర్చు. కనీసం అట్టతో చేసిన ఎద్దైనా లేదు. కథా పుస్తకం మళ్లీ తిరగేశాం. దొంగలున్నారు, జూదగాళ్లున్నారు, కిరాయి హంతకులున్నారు. కౌబాయ్ టోపీలు అందరి నెత్తినా ఉన్నాయి. పసులు కాసేవాడు ఒక్కడూ లేడు.

కౌబాయ్ అంటే ఏమిటి? పసుల కాపరి. మా భాషలో జీతగాడు, కోస్తాలో పాలేరు. ఇంత చిన్న మాట మాకు ఎవరూ చెప్పలేదు. 1971లో 'మోసగాళ్లకు మోసగాడు' వచ్చినప్పుడు మా తండ్రులు నేల టికెట్టు కొని ఈలలు వేశారు. 1990లో 'కొదమసింహం' నాటికి మా అన్నలు. వాళ్లలో దొర దగ్గర పసులు కాసినవాళ్లున్నారు. తెర మీద తోలు బూట్లేసుకుని దూకుతున్నవాడిది తమ పనేనని వాళ్లకు తోచలేదు. తోచనివ్వకపోవడమే ఆ కథల పని. కాపరి చేతిలోంచి కర్ర లాగేసి తుపాకీ పెట్టారు. కర్రతో పాటు జీతం, ఆకలి, యజమాని అన్నీ మాయమైనాయి.

అసలు చరిత్ర ఇట్లా లేదు. అమెరికా అంతర్యుద్ధం తర్వాత పశువుల మందల్ని తోలిన కాపరుల్లో నలుగురిలో ఒకరు నల్లవాళ్లని చరిత్రకారుల అంచనా. మెక్సికన్లు కూడా చాలామంది. ఆ పనిలోని మెళకువలు, చాలా మాటలు వాళ్లవే. నాట్ లవ్ 1854లో టెనెసీలో బానిసగా పుట్టి, కాపరిగా పేరు తెచ్చుకుని, రైళ్లొచ్చి ఆ పని తగ్గిపోయాక అదే రైళ్లలో ప్రయాణికులకు సేవలు చేసే ఉద్యోగంలో చేరాడు. 1907లో ఆత్మకథ అచ్చు వేశాడు. 1883లో టెక్సాస్ కాపరులు నెలకు 50 డాలర్ల జీతం అడిగి సమ్మె కట్టారు, ఓడిపోయారు. అంటే ఆ టోపీ కింద ఉన్నది కూలి కోసం కొట్లాడిన మనిషి. మా కథా పుస్తకంలో బ్యాంకు దోపిడీకి పేజీలకు పేజీలున్నాయి. సమ్మెకు ఒక్క లైను లేదు. ఆడితే ఎంత బాగుండేది!

తుపాకీ సంగతి ఇంకా వింత. ఈ రంగు తుపాకీ యుద్ధం కోసం పుట్టింది కాదు. అడవిలో కొట్టాల్సిన చెట్టుకు, మందలో వేరు చేయాల్సిన పశువుకు దూరం నుంచి గుర్తు పెట్టడానికి చేసిన పనిముట్టు. 1981 జూన్ 27న న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని హెన్నికర్ అడవిలో పన్నెండు మంది దాంతో మొదటిసారి ఆట ఆడారు. గెలిచింది అడవి పని చేసే రిచీ వైట్. ఒక్క ఉండ కూడా పేల్చకుండా, ఎవరి కంటా పడకుండా జెండాలన్నీ పట్టుకొచ్చాడు. మేమాడిన చోట అట్లా కుదరదు. రెండు వేల ఉండల పెట్టెలు ఎన్ని కొనగలిగితే అంత వీరుడు. మేం నలుగురం ఒక్క పెట్టె పంచుకున్నాం. ఎంతసేపు బతికామో లెక్క వేసుకోండి.

మాలో నాలుగో మనిషికి వచ్చిన కార్డు 'ఇండియన్ స్కౌట్'. ఇచ్చినాయన నవ్వి, 'మీరెట్లాగూ ఇండియన్లే గదా' అన్నాడు. కొలంబస్ 1492లో చేసిన పొరపాటుకు ఇప్పుడు మేం నవ్వాలి. నవ్వాం కూడా, అది మా సిగ్గు. స్కౌట్‌కు సొంత పక్షం లేదు. ఎవరు రాళ్లిస్తే వాళ్లకు దారి చూపించాలి. గెలవడానికి అతనికంటూ ఏమీ లేదు, నేల అసలే లేదు. 1887 నాటి డాస్ చట్టం వచ్చేనాటికి ఆదివాసుల చేతిలో సుమారు 13.8 కోట్ల ఎకరాలుండేవి. 1934 నాటికి మిగిలింది 4.8 కోట్లు. తుపాకీ చేసినంత పని కాగితం కూడా చేసింది. పట్టా కాగితాల సంగతి తెలిసిన మన పాఠకులకు ఇది కొత్త కాదు.

ఓడినవాళ్లతో వాళ్ల ఓటమినే ఆడించడం ఆ దేశంలో పాత వ్యాపారం. బఫెలో బిల్ 'వైల్డ్ వెస్ట్' ప్రదర్శన 1883లో మొదలైంది. లకోటా నాయకుడు సిట్టింగ్ బుల్‌ను 1885లో అందులో తిప్పారు. 1890 డిసెంబర్ 15న ఆయన్ని చంపారు. రెండు వారాలకు ఊండెడ్ నీ దగ్గర ఆడవాళ్లనూ పిల్లలనూ కూడా వదలకుండా లకోటాలను కాల్చేశారు. మరుసటేడు కొందరు లకోటా బందీలను జైలు బదులు అదే ప్రదర్శనతో యూరప్ పంపారు. అక్కడ పావుగంటకు గంట కొట్టలేదు.

అట్లాగని నల్ల కాపరి పక్కన నిలబడి మా చేతులు కడుక్కోలేం. 1866లో ఏర్పడ్డ నల్ల సైనిక దళాలు ఆదివాసుల మీద యుద్ధాలకూ పోయాయి. అణగారినవాడి చేతిలో తుపాకీ ఎవరి వైపు తిరిగిందన్న ప్రశ్న దళిత ఉద్యమానికీ ఉంది. దాన్ని ఇక్కడ తేల్చలేం, దాటవేయనూ లేం.

ఇక రాత్రి మంట దగ్గర జరిగింది. అందరం అట్టముక్క పేర్లతోనే పిల్చుకుంటున్నాం. షెరీఫ్ పక్షంలో ఇంకో తెలుగాయన ఉన్నాడు. మా మాట విని లేచి వచ్చాడు. సంతోషంగా చెయ్యి కలిపాడు. 'ఏ ఊరండీ మీది?' చెప్పాం. 'ఊళ్లో ఏ వైపు?' నవ్వి ఊరుకున్నాం. 'ఇంటిపేరు?' డాక్టరు కార్డు ఉన్న మా మిత్రుడు ఆ కార్డు ఎత్తి చూపించాడు. ఆయన దాన్ని చూడను కూడా చూడలేదు. 'అది కాదండీ, అసలు పేరు' అన్నాడు. చెప్పాక 'ఓహో' అన్నాడు. కాసేపటికి లేచి వాళ్ల డేరా వైపు పోయాడు. తెల్లారి అందరి మాస్కుల్లోంచీ మా మాస్కుల్నే వెతికి కాల్చాడని మాలో ఒకరి అనుమానం. ఆటలో అది తప్పు కాదు గనక ఫిర్యాదు లేదు.

మా చిందోళ్లు రాత్రి కిరీటం పెట్టి రాజవుతారు, తెల్లారితే వాటా కోసం మాదిగ గడప ముందు నిలబడతారు. వేషానికి హద్దు ఎక్కడుందో వాళ్లకు తెలుసు. ఆ హద్దు మేం సముద్రం దాటితే చెరిగిపోతుందనుకున్నాం. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధిస్తూ చట్టం చేస్తే, ఇక్కడ కులమెక్కడుందని మన పెద్దమనుషులు అక్కడికే పోయి వాదించారు. అదే ఏడు అక్టోబర్‌లో కాలిఫోర్నియా బిల్లును గవర్నర్ తిప్పి పంపితే పండగ చేసుకున్నారు. వాళ్లను ఒక్క రాత్రి ఆ మంట దగ్గర కూర్చోబెట్టాలి.

మళ్లీ పిలుపొచ్చింది. మాలో ఇద్దరు పోమన్నారు. ఇద్దరు పోతామంటున్నారు, ఒక షరతు మీద: కథలో ఒక మంద ఉండాలి, మందకు కాపర్లుండాలి, వాళ్లు మొదటి రోజు పొద్దున్నే జీతం అడగాలి. నిర్వాహకులకు రాసి పంపాం. పాయింట్లు ఎట్లా వేయాలని అడిగారు.