కాళికమ్మ పక్షం

చిన్నమ్మా, నువ్వు పోయిన వేసవిలో కైరుప్పల నల్లరేగడి పగుళ్లన్నీ నోళ్లు తెరిచి నిన్నే పిలిచాయి. నా నోరొక్కటే పెగల్లేదు. కన్నతల్లి కాదు కదా, వీడి ఏడుపు ఎంతవరకు పోతుందోనని చూసేవాళ్లు చూశారు. కట్టుకున్నవాడి దుఃఖానికి ముందు వరుస, తోడబుట్టినవాళ్ల దుఃఖానికి దాని వెనక వరుస. నా దుఃఖాన్ని ఎక్కడ నిలబెట్టాలో ఎవరికీ తోచలేదు. గడప అవతల నిలబడింది పాపం, అరుగెక్కమని ఒక్కరూ అనలేదు.

మా అమ్మ వెళ్లిపోయిన ఇంట్లోకి, మగ్గం వదిలి చేను పట్టిన మా నాయన చెయ్యి పట్టుకొని, ఎమ్మిగనూరు మగ్గాల వీధి నుంచి వచ్చినావు. 1938లో మాచాని సోమప్ప పెట్టిన నేతగాళ్ల సొసైటీ కబుర్లు నీకు జోలపాటలట. గుంత మగ్గం చప్పుడు లేని మా ఇంట్లో నీకు నిద్ర పట్టేది కాదు. నాకూ పట్టేది కాదు, కారణం వేరు. వెన్నెల కూడా మన మంచాల నడుమ గీత గీసుకొని పడేది.

ఆ గీత చెరిపింది పిడకలు!

ఉగాది మరుసటి రోజు మన ఊరు రెండుగా చీలుతుంది. వీరభద్రుడు కాళికమ్మను వలచి, పెండ్లి మాట వచ్చేసరికి జాగు చేశాడని, అమ్మ తరపువాళ్లు పేడ ఎత్తి కొట్టారని, అయ్య తరపువాళ్లు ఊరుకోలేదని కదా కథ. కొట్లాట తీరాకే దేవుళ్ల కల్యాణం. దెబ్బ తగిలిన చోట విభూతి అద్దుకొని, పొద్దున తిట్టుకున్నవాళ్లు సాయంత్రం భుజాల మీద చేతులేసుకొని పోతారు. ఇంత తెలివైన పెండ్లి తంతు ఇంకెక్కడుందో నాకు తెలియదు. నువ్వు వచ్చిన తొలి ఉగాదికి పేడ పిసుకుతూ నన్ను కేకేసినావు. పొట్టు కలిపి పలచగా తడితే పిడక దూరం పోతుందని ఇద్దరం కలిసి కనిపెట్టాం. మోచేతుల దాకా పేడ, ముక్కు మీద పేడ, మొదటిసారి నవ్వు. మన ఇల్లు అయ్య పక్షం. నువ్వు మాత్రం లోలోపల అమ్మ పక్షం. "మాటిచ్చి తిప్పుకున్నోనికి తగలాల్సిందేలేప్పా" అని గొణిగేదానివి.

ఆ తర్వాత అన్నీ చిన్న చిన్న పిచ్చులే. ముంగారు తొలి వానకు తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాలు వెతికే జనంలో మనమూ వంగి నడిచేవాళ్లం. దొరికినవన్నీ పలుగురాళ్లు. ఒక్కొక్కటి ఎండకు పట్టి, ఇది నెమలికంఠం, ఇది వంగపండు రంగు అని చీరల పేర్లు పెట్టి కొంగున ముడేసేదానివి. ఆ కొంగు బరువుకు మురిసినట్టు ఏ వడ్డాణానికీ మురవలేదు నువ్వు.

ఎర్రగుడి బండల దగ్గరికి పోయిన రోజు తలచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది. 1929లో లోకానికి తెలిసిన అశోకుడి శాసనాలవి. అందులో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి పోతే, మరికొన్ని కుడి నుంచి ఎడమకు తిరిగొస్తాయి. చాలు తిప్పే మడక ఎద్దులతో పోలుస్తారు పండితులు. బ్రాహ్మి ఒక్క అక్షరం రాని నువ్వు వేలు గాలిలో అటూ ఇటూ ఆడించి, "నాడె పోయి వచ్చినట్టుందే!" అన్నావు. రెండువేల ఏళ్ల రాయి నీ కళ్ల ముందు బట్టయి పరుచుకుంది. తల్లిదండ్రులకు లోబడి ఉండాలని అందులో రాయించాడని నేను చెబితే, కాసేపు బండనే చూసినావు.

"చిన్నమ్మ మాట లేదాప్పా?"

"లేదు."

"పోనీలే, రాయి చాల్లేదేమో."

ఎంత తేలిగ్గా అన్నావు తల్లీ! ఆ చక్రవర్తిని నువ్వు క్షమించేసినావు, నేనింకా క్షమించలేదు.

ఈ ఉగాదికి పొట్టు కలిపి పలచగా నేనే తట్టినాను. గంప ఎత్తుకొని పోయి అమ్మ తరపు కుప్పలో దించినాను. "మీది అయ్య పక్షం కదరా!" అన్నారు. "మా చిన్నమ్మది ఇటువైపు" అన్నాను. అవతలి గుంపులోంచి మా నాయన విన్నాడు. కండువా నడుముకు బిగించి, చేతికందిన పిడక బలమంతా పెట్టి సూటిగా నా మీదికే విసిరాడు.