తాడెక్కే విద్య

ఎండలు ముదిరే వేళకు జగిత్యాల నుంచి కోరుట్ల దాకా, ఇటు సిరిసిల్ల దాకా పొలం గట్ల మీది తాళ్లకు, అంటే తాటిచెట్లకు, లొట్లు వేలాడుతుంటాయి. ఇంకా తెల్లవారకముందే గౌడన్న మోకు భుజాన వేసుకొని వనం దారి పడతాడు. తొందర ఎందుకంటే, కల్లు ఎండకు ఆగదు. రాత్రంతా చుక్కచుక్కగా దిగిన రసం చల్లదనం ఉన్నంతసేపే తియ్యగా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ లొట్టిలోని ఈస్ట్ చక్కెరను ఆల్కహాల్‌గా మారుస్తూ పోతుంది, మధ్యాహ్నానికి కల్లు పులుపెక్కుతుంది.

ఇదే కాలంలో యూరప్‌లోని ఆల్ప్స్ పర్వతాల్లో స్కీలు కట్టుకొని నిటారు శిఖరాలెక్కేవాళ్లు కూడా చీకట్లోనే బయలుదేరతారు. రాత్రి చలికి గడ్డకట్టిన మంచు కాలికింద గట్టిగా నిలుస్తుంది. ముందుకే జారి వెనక్కి జారని పట్టీలను స్కీల అడుగున అతికించి ఎక్కుతారు. ఒకప్పుడు వాటిని సీల్ చర్మంతో చేసేవారు. మంచు పైపొర కాస్త మెత్తబడగానే దిగిపోవాలి, ఆలస్యమైతే ఎండకు నానిన మంచు చరియలుగా విరిగి మీద పడుతుంది. ఇద్దరి పనికీ వేళ పెట్టేది సూర్యుడే. గౌరవంలోనే తేడా. ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ దేశాల పర్వతారోహణను యునెస్కో 2019లో మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది. మన తాడెక్కే విద్య మాత్రం పత్రికల్లో ఎక్కువగా ‘మోకు జారి గీత కార్మికుడి మృతి’ అన్న వార్తగానే కనిపిస్తుంది.

గీతకు కావలసిన సరంజామా కొంచెమే. మోకు అంటే మనిషినీ చెట్టునూ కలిపి చుట్టే బలమైన తాడు. ముత్తాదు నడుముకు కట్టేది, కత్తులు దాంట్లోనే ఉంటాయి. గుజి పాదాలకు తగిలించుకొనే బంధం, మాను మీద రెండు కాళ్లూ ఎడం కాకుండా చూస్తుంది. కింద నిలబడి చూసేవాళ్లకు చేతుల బలంతో ఎక్కుతున్నట్టు అనిపిస్తుంది కానీ, బరువంతా మోసేది కాళ్లూ నడుమే. వెనక్కి వాలితే మోకు బిగుసుకుంటుంది. ఆ బిగువు మీద పాదాలను పైకి తెచ్చుకుంటాడు. తర్వాత పాదాలను మానుకు అదిమి ఒంటిని ముందుకు తెస్తే మోకు వదులవుతుంది. ఆ లిప్తకాలంలోనే దాన్ని రెండు చేతులతో పైకి ఎగరేయాలి. మళ్లీ వాలుడు, మళ్లీ పాదం. కాళ్లో, మోకో, ఏదో ఒకటి ఎప్పుడూ చెట్టును పట్టి ఉండాలి. భయపడి మానును కౌగిలించుకుంటే మోకు వదులై జారుతుంది, వెనక్కి వాలినవాడే భద్రంగా ఉంటాడు. నేర్చుకొనే పిలగాడికి అన్నిటికన్నా గడ్డు పాఠం ఇదే. ఒళ్లంతా వద్దంటున్నా వెనక్కి వాలాలి.

పైకి చేరాక మట్టలతో పని. వాటి అంచులు చేతులు చీరేస్తాయి. ఎండుమట్టను నమ్మి బరువేస్తే ఊడి వస్తుంది. పచ్చిమట్టల నడుమ కుదురుకున్నాకే కత్తి తీయాలి. పోతుతాడుకు పూగెలలు, పండుతాడుకు కాయలు పట్టే గెలలు, రెండింటికీ గీత తీరు వేరు. గెల కొసను కాగితమంత పలుచగా కోస్తాడు. లోతుగా కోస్తే గెల తొందరగా అయిపోతుంది. కోయకుండా వదిలితే కోసిన చోటు ఎండి రసం ఆగిపోతుంది. అందుకే పొద్దున, మాపున గీయాల్సిందే. ఇంట్లో పెళ్లున్నా, ఊళ్లో పండగున్నా చెట్టుకు సెలవు చెప్పలేం.

ఇక దిగుడు. నడుమున లొట్టి నిండి ఉంటుంది, చూపు కిందికి ఆనదు, పాదమే మానును తడిమి చోటు చూసుకోవాలి. ఎక్కేటప్పుడు ఒంటి బరువు వేగానికి కళ్లెం వేస్తుంది, దిగేటప్పుడు ఆ బరువే కిందికి లాగుతుంది. చెడగొట్టు వానకు తడిసిన మాను, ఈదురుగాలి, అరిగిన మోకు, వీటిలో ఏ ఒక్కటి తోడైనా ప్రాణం మీదికి వస్తుంది. ‘ఇయ్యాల వద్దు’ అనుకొని కింది నుంచే మళ్లడం కూడా ఈ విద్యలో భాగమే.

2024 జులై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ‘కాటమయ్య రక్షణ కవచం’ కిట్ల పంపిణీని ప్రారంభించారు. కాటమయ్య గౌడుల దైవం. ఆ కిట్లలోని పట్టీలు, తాళ్లు, కొక్కేలు కొండలెక్కేవాళ్లు వాడే కోవవే. వాటి వెనక ఉన్న సూత్రం ఒకటే. ఒక ఆధారం తప్పితే రెండోది పట్టాలి. పాత మోకుకు లేనిది ఆ రెండో ఆధారమే.

అయితే కిట్ ఇచ్చి ఊరుకుంటే సరిపోదు. పూటకు ఎన్నో చెట్లెక్కాలి. ప్రతి చెట్టు దగ్గరా పట్టీలు బిగించి విప్పే సమయాన్ని ఎండ లెక్కగట్టుకుంటూనే ఉంటుంది. పని లయ ఎరగనివాళ్లు నేర్పితే కిట్ ఇంటి మూలన పడుతుంది. సరైన శిక్షణ ఏం చేయగలదో మనకు తెలుసు. నిజామాబాద్ జిల్లా పాకాల బిడ్డ మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కేనాటికి ఆమెకు పద్నాలుగేళ్లు నిండలేదు. భువనగిరి గుట్ట మీద మొదలైన శిక్షణ ఆమెను అక్కడిదాకా తీసుకెళ్లింది. పద్ధతిగా నేర్పితే మన పల్లె పిల్లలు ఎంత ఎత్తుకైనా పోగలరని అప్పుడే తేలింది. గీత కార్మికుడికి మాత్రం ఇప్పటికీ తండ్రో, మేనమామో తప్ప వేరే బడి లేదు.

తాడు కల్లుకు రావడానికి పన్నెండు, పదిహేనేళ్లు పడుతుంది. దాన్ని ధైర్యంగా ఎక్కి, పలుచగా గీసి, క్షేమంగా దిగే మనిషి తయారవడానికీ ఏళ్లే పడతాయి. జగిత్యాల, కోరుట్ల పల్లెల నుంచి పిల్లలు దుబాయ్, మస్కట్ దారి పడుతున్నారు, సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, రమ్మంటాయి. ప్రాణాపాయమూ, తక్కువ చూపూ రెండూ ఉన్న పనిలోకి కొడుకును దించడానికి ఏ తండ్రికి మనసొప్పుతుంది? సాయంత్రం పూట కల్లుకైనా, వేసవి ముంజలకైనా, హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీది కేఫ్‌లో అమ్మే నీరాకైనా ఎవరో ఒకరు చెట్టెక్కాల్సిందే.

కాబట్టి శిక్షణ తాటివనంలోనే, గీసే కాలంలోనే జరగాలి. రెండో ఆధారం ఎందుకో కొండలెక్కే శిక్షకుడు చెప్పాలి. ఏ మట్టను నమ్మొచ్చో, ఏ గాలికి వెనక్కి మళ్లాలో ఏళ్ల తరబడి గీసిన పెద్దాయన చెప్పాలి. ఆ పెద్దాయనను కూడా గురువుగా కూర్చోబెట్టి జీతమిస్తే తాడెక్కే విద్యకు విలువ కట్టినట్టు.