మిల్లీగ్రాముల్లో తెలిసే గండం

1907 మార్చి 12న ఫ్రాన్స్‌లోని తూలోన్ రేవులో, మరమ్మతు కోసం డాక్‌లోకి చేర్చిన ‘ఇయెనా’ యుద్ధనౌక పేలిపోయింది. 120 మంది దాకా చనిపోయారు. 1911 సెప్టెంబరులో అదే రేవులో ‘లిబెర్తే’ పేలి దాదాపు మూడు వందల మంది బలయ్యారు. అప్పుడు యుద్ధమేమీ లేదు. అనుమానమంతా నౌకల అడుగు గదుల్లో నిల్వ ఉంచిన ‘పౌడర్ బి’ మీదికే వెళ్లింది.

అది నైట్రోసెల్యులోజ్‌తో చేసిన మందు. అందులో ఆక్సిజన్‌ను నైట్రోజన్‌తో కలిపే బంధం బలహీనం. మామూలు వాతావరణంలో కూడా అది ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తెగుతూ నైట్రోజన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. ఆ వాయువు బయటికి పోకపోతే మిగతా బంధాలూ త్వరత్వరగా తెగుతాయి, వేడి పెరుగుతుంది. అందుకే ఆ వాయువును పట్టేసుకునే డైఫినైల్ అమీన్‌ను మందులో కొంచెం కలుపుతారు. అది ఖర్చయిపోతే మందుకు రక్షణ లేనట్టే.

ఈ ముప్పును ముందే పసిగట్టడానికి ఫ్రెడరిక్ ఏబెల్ 19వ శతాబ్దంలోనే ఒక పరీక్ష రూపొందించాడు. గాజు గొట్టంలో కాస్త మందు వేసి, పైన పొటాషియం అయొడైడ్, గంజి పట్టించిన కాగితం ముక్క వేలాడదీస్తారు. కాగితాన్ని సగం వరకే తడుపుతారు. గొట్టాన్ని 65.5 డిగ్రీల వేడినీటిలో ఉంచి గడియారం చూస్తారు. తడి, పొడి కలిసేచోట సన్నని గోధుమరంగు గీత ఎంత త్వరగా కనిపిస్తే మందు అంత పాడైనట్టు. ఇంత తక్కువ సరంజామాతో ఇంత పెద్ద ప్రశ్నకు జవాబు రాబట్టిన పరీక్షలు రసాయనశాస్త్రంలో అరుదు.

ఇప్పుడు ఆ పని సున్నితమైన యంత్రాలు చేస్తున్నాయి. థర్మోగ్రావిమెట్రీలో నమూనాను వేడిచేస్తూ బరువు తగ్గడాన్ని కొలుస్తారు. డిఫరెన్షియల్ స్కానింగ్ కెలోరిమీటర్ అది పీల్చే వేడిని, వదిలే వేడిని గ్రాఫుగా గీస్తుంది. నమూనా కొద్ది మిల్లీగ్రాములే. ఎక్కువ తీసుకుంటే పుట్టిన వేడి లోపలే చిక్కుకుని లెక్క తప్పుతుంది, ప్రమాదమూ పెరుగుతుంది.

శ్రీహరికోటలో పీఎస్‌ఎల్‌వీ తొలి దశకు పోతపోసే ఘన ఇంధనంలో సింహభాగం అమ్మోనియం పెర్క్లోరేట్. దాని గ్రాఫు చూడదగ్గది. 240 డిగ్రీల దగ్గర గీత ఒక్కసారి వేడిని పీల్చే వైపు దిగుతుంది. అక్కడ విరిగిందేమీ లేదు, స్ఫటికం ఆకృతి మారిందంతే. 300 దాటే ప్రాంతంలో అసలు వియోగం మొదలై, మూడో వంతు వరకు సాగి మందగిస్తుంది. వెలువడిన అమ్మోనియా స్ఫటికం ఉపరితలాన్ని కప్పేయడమే అందుకు కారణమని చెబుతారు. ఇంకా వేడెక్కిస్తే మిగిలినదీ పోతుంది.

అయితే గ్రాఫులో కనిపించే డిగ్రీల అంకె పదార్థానికి పుట్టుకతో వచ్చిన గుణం కాదు. వేడి చేసే వేగం పెంచితే శిఖరం కూడా పైకి జరుగుతుంది. ఆ జరుగుబాటు నుంచే చర్యకు కావలసిన ఉత్తేజన శక్తిని లెక్కగట్టే పద్ధతిని కిసింజర్ 1957లో ప్రచురించాడు.

నిల్వ ఆయుష్షు తేల్చాలంటే మాత్రం తొందర పనికిరాదు. నాటో ప్రమాణం ప్రకారం నైట్రోసెల్యులోజ్ మందును 80 డిగ్రీల వద్ద 10.6 రోజులు మైక్రోకెలోరిమీటర్‌లో ఉంచుతారు. అన్ని రోజులూ గ్రాముకు వెలువడే వేడి 114 మైక్రోవాట్లు దాటకపోతే, 25 డిగ్రీల దగ్గర కనీసం పదేళ్లు నిల్వ ఉంచవచ్చని లెక్క.