పట్టా కుట్టే చెయ్యి

విజయవాడ బెంజ్ సర్కిల్ దాటే లారీల మీద బిగించిన టార్పాలిన్ పట్టాలను ఆగి చూడాలి. 16, 65 నంబరు జాతీయ రహదారులు కలిసే కూడలి అది. తక్కువ ధరలో తేలికపాటి గుడారం కొనాలనుకునే కుర్రాళ్లకు సగం పాఠం అక్కడే దొరుకుతుంది.

పట్టా కుట్టేవాళ్ల పనితనం అంచుల్లో తెలుస్తుంది. అంచు మడిచి, లోపల తాడు పెట్టి కుడతారు. మూలల్లో అదనపు ముక్క వేసి, ఆపైన రింగులు దిగ్గొడతారు. గాలి లాగేది మూలలనే. గుడ్డ ముందుగా చిరిగేదీ అక్కడే. ఎంత గొప్ప నైపుణ్యం!

గుడారాన్నీ అదే కంటితో చూడాలి. మూలల్లో రెండో పొర ఉందా? కుట్ల లోపలివైపు టేపు అంటించారా? 1500 మిల్లీమీటర్లని రాస్తే, అంత ఎత్తు నీటి ఒత్తిడిని గుడ్డ తట్టుకుంటుందని అర్థం. కుట్టు కారితే ఆ అంకెకు విలువ లేదు.

నైలాన్ తడిస్తే సాగుతుంది, పాలిస్టర్ అంతగా సాగదు. ఫైబర్‌గ్లాస్ కడ్డీలు చవకే కానీ బరువు. డబ్బుంటే అల్యూమినియం మేలు. ఇద్దరికి రెండున్నర కిలోల గుడారమైనా పరవాలేదు, మోత పంచుకోవచ్చు.

డెల్టా ఉక్కలో ఒంటిపొర గుడారం వద్దే వద్దు. ఊపిరి తేమ లోపలే నీళ్లై కారుతుంది. దోమతెర లోపలి పొరగా ఉన్నది తీసుకోవాలి. కింద పరిచే ప్లాస్టిక్ పట్టా గుడారం అంచు దాటి బయటికి రాకూడదు, వస్తే వాననీరంతా అడుగునే చేరుతుంది.

చిరిగితే పట్టా కుట్టేవాళ్ల దగ్గరికే తీసుకెళ్లొచ్చు. సన్న సూది వాడమని మాత్రం ముందే చెప్పాలి.